సగం పసుపు గోడ

“బావా, శుభవార్త! అక్క మన ఇంటి ఫోటోలు అడిగింది!”

బామ్మర్ది అలా కేకేస్తూ షాపులోకి దూసుకొచ్చేసరికి అద్దాలబ్బాయి చేతిలోని బుల్లి స్క్రూ ఎగిరి ఎక్కడో పడింది. అది కళ్ళజోళ్ళ షాపు. దాని పేరు ఎవరికీ గుర్తులేదు గానీ, నడిపేవాణ్ణి మాత్రం వీధిలో అందరూ అద్దాలబ్బాయి అనే పిలుస్తారు.

“ఫోటోలా? ఎందుకటరా?”

“పన్నులవాళ్ళకి చూపించాలట. ఉన్నపళంగా కావాలట.”

కళ్ళజోడు బాగుచేయించుకుందామని కూర్చున్న మాస్టారు బోసినోటితో నవ్వాడు. “భార్యామణి ఇంటిని తలుచుకుందంటే సగం బండెక్కినట్టే నాయనా. నా జోడు రేపిద్దువుగాని, ముందు వెళ్ళు.”

అద్దాలబ్బాయి మొహం చాటంతయింది. షాపు మూసి తాళం వేశాడు. వేశానో లేదోనని వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూశాడు.

అతని భార్య పరాయి దేశంలో, కార్టూన్ సినిమాలు తీసే స్టూడియోలో బొమ్మలకి రంగులు వేస్తుంది. ఒక్క ఏడాదికని వెళ్ళింది. రెండో ఏడు సగమైంది. ‘ఎప్పుడొస్తున్నావ్?’ అంటే ఈమధ్య ‘చూద్దాం’ అంటోంది. ఆ ‘చూద్దాం’ ముల్లులా గుచ్చుకుని అతనికి సరిగా నిద్రపట్టడం లేదు.

“ఇంటి ఫోటోలకీ పన్నుకీ ఏంట్రా సంబంధం?” అన్నాడు దారిలో.

బామ్మర్ది ఆడిటర్ దగ్గర పనిచేస్తాడు. ఇలాంటివంటే వాడికి హుషారు. “అక్క జీతంలోంచి అక్కడివాళ్ళు ముందే పన్ను కోసుకుంటున్నారు కదా. అదే జీతానికి ఇక్కడివాళ్ళూ కట్టమంటున్నారు. ఒక్క రొట్టెకి రెండు కత్తులు! అలా జరక్కూడదనే రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. మనిషి రెండు దేశాల లెక్కలోకీ వస్తే, ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఎప్పుడెళ్ళినా నీకోసం తలుపు తెరుచుకునే ఇల్లు ఎక్కడుంది? అది ఒక్క దేశంలోనే ఉందంటే, నువ్వు ఆ దేశం మనిషివే.”

“ఇంకెక్కడుంటుందిరా? ఇక్కడేగా!”

“అందుకేగా మరి ఫోటోలు అడుగుతున్నారు!”

అద్దాలబ్బాయి నడిరోడ్డు మీద ఆగిపోయాడు. “అంటే, మీ అక్క ఇదే నా ఇల్లని సర్కారుకి చెప్పబోతోందన్నమాట!”

“సంతకం పెట్టి మరీ చెబుతుంది బావా.”

ఇంటికెళ్ళాక అతను బామ్మర్దిని కూర్చోనిస్తే ఒట్టు. బీరువాలో ఆవిడ బట్టలన్నీ దించి, ఒక్కొక్కటీ ఇస్త్రీ చేసి మళ్ళీ తగిలించాడు. పిడి విరిగిన ఆవిడ కప్పుని తోమి తన కప్పు పక్కన పెట్టాడు. ఆవిడ చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టి, మరీ బుద్ధిగా ఉన్నాయనిపించి ఒకదాన్ని కాలితో కాస్త పక్కకి జరిపాడు. ఆవిడెప్పుడూ అలాగే విప్పేది.

“పెళ్ళిచూపులు నీకా, ఇంటికా బావా?” అన్నాడు బామ్మర్ది చెమట తుడుచుకుంటూ.

“నోర్మూసుకుని ఆ దుప్పటి కొస పట్టుకో.”

ఆఖరున పడగ్గది గోడ. సగం పసుపు, సగం తెలుపు. వెళ్ళే ముందురోజు ఆవిడే మొదలుపెట్టింది. పొద్దు చాల్లేదు. ‘మిగతా సగం నేనొచ్చాకే. ఎవరైనా ముట్టుకున్నారో, చేతులు విరిచేస్తా’ అంది, ముక్కు మీద పసుపు మరకతో. ఆ రంగు డబ్బా, బ్రష్షు ఇప్పటికీ మంచం కిందే ఉన్నాయి. అద్దాలబ్బాయి వాటిని బయటికి తీసి గోడ దగ్గర పెట్టాడు, ఇప్పుడే ఎవరో మంచినీళ్ళు తాగడానికి లేచి వెళ్ళినట్టు.

అన్నీ ఫోటోలు తీసి పంపేశారు. బామ్మర్ది వెళ్ళిపోయాడు. అద్దాలబ్బాయి ఫోన్ ఎదురుగా పెట్టుకుని, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకి ఫోన్ మోగింది.

“చూశావా?” అన్నాడు హలో కూడా అనకుండా.

“చూశానండీ.” ఆవిడ గొంతు చాలా చిన్నగా ఉంది. “నా చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయే!”

“మరి! నిన్న విప్పినట్టు లేవూ?”

“అలాగే ఉన్నాయి.” తర్వాతి ఫోటో చూస్తున్నట్టుంది. “గోడ కూడా…”

“ముట్టుకోలేదు బాబూ! నా చేతులు నాకు కావాలి.”

ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“ఇంత బాగా ఎందుకు సర్దారండీ?”

“నీ ఇల్లు ఇదేనని ఆ ఆఫీసరుకి ఒక్క చూపులో తెలియొద్దూ?” అన్నాడు గర్వంగా. మళ్ళీ కంగారుపడ్డాడు. “ఏం, ఫోటోలు బాగా రాలేదా? గదిలో వెలుతురు తక్కువైంది. రేపు పొద్దున్నే కిటికీలన్నీ తీసి మళ్ళీ తీస్తాలే.”

“అవునండీ, రేపు మళ్ళీ తియ్యాలి.”

“నువ్వు ఊ అను, పదిసార్లు తీస్తా. ఎలా కావాలో చెప్పు.”

ఆవిడ అన్నీ ఒక్కసారే చెప్పేసింది.

“నా బట్టలు, కప్పు, చెప్పులు మా తమ్ముడికిచ్చి పంపెయ్యండి, ఆ గోడ మొత్తానికీ తెల్లరంగు వేయించి అప్పుడు తియ్యండి… నేను ఈ దేశం మనిషినేనని, అక్కడ నాకు ఇల్లు లేదని చూపించాలండీ.”