మొరాయించని పెట్టె

"అన్నా, డాక్టరు మళ్లా అడుగుతాండాడు. మిషను ఆపల్లా, వద్దా?"

ఫోనులో చెల్లెలు పావని. తను హిందూపురం ఆసుపత్రిలో ఉంది. కుమారస్వామి పెనుకొండ దాటాక రోడ్డు పక్కన బండి ఆపాడు.

"ధర్మవరం పోయి కండ్లారా చూసి చెప్తానమ్మా. నాయన ఎట్లుండాడు?"

"అట్లే ఉండాడు. మిషను ఊపిరి పోస్తాంది, ఆయన తీసుకుంటాండాడు. అంతే."

నాయన పోతులయ్య బతుకంతా గొర్రెలు కాసిన మనిషి. ఊపిరితిత్తులు చెడి ఆ మిషను మీద పడ్డాడు. నేటికి ముప్పై మూడు రోజులు. మిషను ఒక్క క్షణం ఆగలేదు.

దాని లోపలి పెట్టె కుమారస్వామి పనిచేసే చిన్న కంపెనీదే. గాలి కవాటాలను తెరిచి మూసే డ్రైవరు ప్రోగ్రాము రాసింది ఇంకెవరో కాదు, కుమారస్వామే.

మొన్న దాన్ని ఇంకాస్త మెరుగు చేద్దామని కూర్చున్నాడు. అప్పుడు తప్పు కంటబడింది.

డ్రైవరు క్షణానికోసారి, పెట్టె మొత్తాన్నీ నడిపే అసలు ప్రోగ్రాము కెర్నెల్ దగ్గర కాస్త మెమరీ అడిగి తీసుకుంటుంది. పని కాగానే తిరిగి ఇచ్చేయాలి. ఒకచోట ఇవ్వడం లేదు. చేట అడిగి పట్టుకుపోయి మరిచిపోయే పొరుగింటమ్మ లాగా. పోయేది ఆవగింజంతే. కానీ క్షణాలు ఆగవు కదా. పెట్టె ఆపి మళ్లీ వేస్తే అంతా ఖాళీ అయి లెక్క మొదటికి వస్తుంది. ఆపకపోతే నిండుతూనే ఉంటుంది. కాగితం మీద లెక్క వేశాడు. ముప్పై నాలుగో రోజుకు మెమరీ మొత్తం నిండుతుంది. పెట్టె బిగుసుకుపోతుంది.

అంటే రేపు.

సరిచేసిన డ్రైవరు సిద్ధంగా ఉంది. అది ఎక్కించాలన్నా, ఊరికే ఆపి మళ్లీ వేయాలన్నా, మిషను పావుగంట ఆగాలి. ఆసుపత్రిలో రెండో మిషను లేదు. అంతసేపూ చేత్తో గాలి సంచి నొక్కి ఊపిరి పోయాలి.

"ఆ పావుగంట ఈయన గుండె తట్టుకునేది అనుమానమే," అన్నాడు పెద్ద డాక్టరు నిన్న. "తప్పదని నువ్వంటే నేనే దగ్గరుండి చేస్తా. రేపు పన్నెండు లోపల చెప్పు. తర్వాత నేను బెంగళూరు పోతాను. రెండు రోజులు రాను."

ఆపితే నాయన ఉంటాడో లేదో. ఆపకపోతే, లెక్క నిజమైతే, ఉండడు.

కానీ లెక్క నిజమేనా? అదే పెట్టె, అదే డ్రైవరు ధర్మవరంలో పట్టుమగ్గాల మీద ఆరేళ్లుగా చీర అంచు బొమ్మలు నేసే సూదులు లేపుతున్నాయి. లెక్క నిజమైతే అవన్నీ ఏనాడో బిగుసుకుపోవాలి. ఒక్క ఫిర్యాదు లేదు. కాగితాన్ని నమ్మాలా, మగ్గాన్ని నమ్మాలా? అందుకే ఈ ప్రయాణం.

ధర్మవరంలో మొదటి రెండిళ్లలో ఒకటే మాట, పెట్టె బాగుందని. మూడో ఇల్లు లక్ష్మక్కది. ఆమె భర్త రామచంద్ర మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. తలకు పైన, మగ్గానికి బిగించిన పెట్టె. పెట్టెకు ఎర్ర దీపం.

"ఇది పెట్టి ఎన్నాళ్లయిందక్కా?"

"ఆరేండ్లు దాటె. మా పెద్దపాప పెండ్లయిన యేడు."

"ఎప్పుడన్నా మొరాయించిందా?"

"అది యాడ మొరాయిస్తాదప్పా? ఈ ఇంట్లో మొరాయించేది ఈయనొక్కడే."

రామచంద్ర తలెత్తకుండానే అన్నాడు. "పెట్టెకు పెండ్లాం లేదు కదా, మొరాయించే పనేముంది?"

కుమారస్వామికి నవ్వు రాలేదు. "కరెంటు పోతే?"

"బ్యాటరీ ఉండాది. ఆడతానే ఉంటాది."

"మధ్యలో బిగుసుకుంటే తీసి మళ్లా వేసినారా?"

"బిగుసుకుంటే కదా తీసి వేసేది! ఏందప్పా, పోలీసోళ్ల మాదిరి అడుగుతాండావు? మీదేవూరు?"

"అమరాపురం పక్కనక్కా. గొర్లు కాసేటోళ్లం."

"పాపం. గొర్లకు పండగా లేదు, పబ్బమూ లేదు. దినామూ తోలాల్సిందే." లక్ష్మక్క చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. "మొగం అట్ల వాడిపోయిందేం?"

చెప్పాడు. నాయన సంగతి, ఇదే పెట్టె ఆయనకు ఊపిరి పోస్తున్న సంగతి.

"అయితే ఇంకేం భయం?" అంది లక్ష్మక్క. "మా పెట్టె ఆరేండ్లు మమ్మల్ని సాకింది. మీ నాయన్ను నాలుగు దినాలు సాకదా?"

కుమారస్వామి మగ్గం వైపు చూశాడు. సూదులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఒక్కటీ తడబడలేదు. అంచు మీద నెమలి ఒక్కో ఈకగా పుడుతోంది. ఇంత పని కళ్లెదుట కనబడుతుంటే కాగితాన్ని ఎట్లా నమ్మేది? లెక్కలో తనే ఎక్కడో పొరబడి ఉంటాడు.

టైము పన్నెండుకు పది తక్కువ. ఫోను తీశాడు.

"పావనీ, ఆపొద్దని చెప్పు. నాయన్ను కదిలించొద్దు."

"నిజంగానా అన్నా?"

"నిజంగానే. ఈడ ఆరేండ్ల నుంచీ నడుస్తాండాయి. చూస్తానే ఉండా."

అవతల మాటలు వినిపించాయి. ఎవరివో అడుగులు. కాసేపటికి పావని మళ్లీ వచ్చింది. "చెప్పినానన్నా. డాక్టరుకూ అదే మంచిదనిపించినట్లుండాది. కారెక్కి పోయినాడు."

ఫోను జేబులో పెట్టుకుని మజ్జిగ తాగాడు. రెండు రోజులుగా గొంతు దిగనిది ఇప్పుడు చల్లగా దిగింది. ఖాళీ చెంబు లక్ష్మక్కకు ఇచ్చి లేచాడు.

ఆమె వాకిలి దాకా వచ్చి అంది. "ఎల్లుండి అమాస, వస్తే ఓళిగలు తిని పోవచ్చప్పా, నెలనెలా ఆ పొద్దు మా వీధిలో ఎవరమూ నెయ్యం, పెట్టెలకు గూడా కరెంటూ బ్యాటరీ రెండూ పీకేసి, పసుపుకుంకుమ పెట్టి పండబెట్టి, మళ్లా మర్నాడే లేపేది."