ఇష్టాల బల్ల

అంగన్‌వాడీల్లో ఇప్పుడు ప్రతి బిడ్డ ముందూ ఒక బల్ల ఉంటుంది. చూపును బట్టి బిడ్డ ఇష్టాన్ని కనిపెట్టి, ఆ ఆటవస్తువునే అందిస్తుంది. నాలుగేళ్ల ఫణిశ్రీ చేరిన రోజు పూసలకేసి చూసి నవ్వింది. ఏడాదిగా బల్ల ఆమెకు పూసలే ఇస్తోంది.

ఒకరోజు టీచరు మరియమ్మ ఉండబట్టలేక ఇంటి నుంచి బంకమట్టి తడిపి తెచ్చింది.

"ఇదిగో బంగారూ, నీకేం కావాలంటే అది చేసుకో."

"నాకు మట్టంటే ఇష్టం లేదు టీచర్."

"ముట్టుకోకుండానే ఎట్లా తెలిసిందే?"

"ఇష్టమైతే బల్లే ఇచ్చేది కదా!"

మరియమ్మ ఆ చిన్న అరచేతిలో మట్టిముద్ద పెట్టింది. పాప వేళ్లు ముడవలేదు. ముద్ద జారి నేలమీద పడింది. ఫణిశ్రీ చెయ్యి గౌనుకు తుడుచుకుని మళ్లీ పూసలు గుచ్చసాగింది. మరియమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. గదిలో ఉన్న ఇరవైమంది పిల్లల్లో ఒక్కరూ బల్ల మీంచి తలెత్తలేదు.