ఇందాకటిదా, ఇప్పటిదా?

“గంట. ఒక్క గంట వాడి చూస్తాను. నచ్చలేదంటే మళ్లీ ఈ దుకాణంలో కంప్యూటర్ మాట నీ నోట రాకూడదు,” అన్నారు మామగారు.

“నచ్చితే?” అన్నాడు అల్లుడు.

“నచ్చితే నోరు మూసుకుని దాంతోనే పనిచేస్తాను. నచ్చదు గానీ.”

కళ్లద్దాల దుకాణం మామగారిది. కంప్యూటర్లు బాగుచేసే పని అల్లుడిది. దుకాణంలో మెషీన్ మాటిమాటికీ బిగుసుకుపోతోందనీ, అద్దాల కోసం వచ్చినవాళ్లు విసుగెత్తి ఎదురు దుకాణానికి పోతున్నారనీ, లోపల దాన్ని నడిపే సిస్టమ్ మార్చేద్దామనీ అల్లుడు చాలాకాలంగా పోరుతున్నాడు. ఆ మాట ఎత్తితే చాలు, ఉన్న కాలు తీసేసి కొయ్యకాలు పెడతానన్నట్టు మామగారు ఉలిక్కిపడేవారు. కౌంటరు దగ్గర కూర్చుని, లేచిపోయేవాళ్లకి సర్దిచెప్పే పని అత్తగారిది.

నిన్న దుకాణానికి సెలవు. దుమ్ము దులిపి తెస్తానని మెషీన్‌ని ఇంటికి పట్టుకెళ్లిన అల్లుడు, ఈ పొద్దున దాంతోపాటు ఒక డిస్కు కూడా తెచ్చాడు.

“ఇది పెట్టి ఆన్ చేస్తే సిస్టమ్ ఈ డిస్కులోంచే నడుస్తుంది మామయ్యగారూ. మెషీన్ లోపలున్న సిస్టమ్‌ని ముట్టుకోదు. డిస్కు తీసేసి మళ్లీ ఆన్ చేస్తే లోపలున్నదే వస్తుంది.”

“మన దగ్గరికొచ్చేవాళ్ల అద్దాల పవర్ల వివరాలు పోవుగా?”

“ఒక్కటీ పోదు. మీరు కళ్లు చూసేటప్పుడు అద్దం మార్చి మార్చి ‘ఇందాకటిదా, ఇప్పటిదా, ఏది బాగుంది?’ అంటారు చూడండి, అంతే ఇదీనూ.”

ఆ పోలిక మామగారికి నచ్చింది. నచ్చినట్టు కనబడకూడదని మొహం చిట్లించారు. ఆయన అసలు భయం వేరు. ఇన్నేళ్లు దుకాణం నడిపి, ఇప్పుడు అల్లుడి ముందు చేతులు కట్టుకుని ఓనమాలు దిద్దుకోవాల్సివస్తుందేమోనని లోలోపల హడలిపోతున్నారు.

డిస్కు గిర్రున తిరిగింది. చాలాసేపటికి తెర నిండా ఆకుపచ్చ రంగు పరుచుకుంది. ఎడమ పక్క ఉండాల్సిన గుర్తులన్నీ కుడి పక్క బారులు తీరాయి.

“ఆ రంగేంటయ్యా, పసరు తాగినట్టు!”

“ముందు వాడి చూడండి మామయ్యగారూ.”

“నొక్కితే ఆలోచిస్తోందేంటి? దీన్ని ఆలోచించమని ఎవరడిగారు? అక్షరాలు చూడు, తిండి లేక చిక్కిపోయినట్టున్నాయి!”

అత్తగారు తల వంచుకుని, తుడిచిన ఫ్రేమునే మళ్లీ మళ్లీ తుడుస్తున్నారు. ఇంతలో ఒక టీచరమ్మ విరిగిన కళ్లద్దాలతో వచ్చింది. మామగారు ఆమె పాత పవర్ వెతకబోయారు. తెర కదల్లేదు, మెదల్లేదు. ఆవిడ ఆవులించి, సాయంత్రం వస్తాలెండి అని గుమ్మం దాకా వెళ్లింది.

“చూశావా నీ డిస్కు నిర్వాకం! తీసి పారెయ్!” అని మామగారు ఎగిరిపడ్డారు.

అల్లుడు డిస్కు తీసి బల్ల మీద పెట్టి, మెషీన్ మళ్లీ ఆన్ చేశాడు. కళ్లు మూసి తెరిచేలోగా తెర మీదకి ఎప్పటిలాగే మామగారు దుకాణానికి రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో వచ్చింది. గుర్తులన్నీ బుద్ధిగా ఎడమ పక్కకి వచ్చేశాయి.

“హమ్మయ్య! వచ్చావా నా తండ్రీ!” అని మామగారు తెరని ఆప్యాయంగా నిమిరారు. గుమ్మంలో ఉన్న టీచరమ్మని వెనక్కి పిలిచి, ఆవిడ కూర్చునేలోగా పవర్ చెప్పేశారు. ఆవిడ ముచ్చటపడి, తన అద్దాలతోపాటు వాళ్లాయనకి కూడా ఒక జత చెప్పి వెళ్లింది.

“చూశావటయ్యా ఆ వేగం? దుమ్ము మాత్రం బాగా దులిపావు. అంతవరకూ ఒప్పుకుంటాను.”

“ఇంతకీ ఇందాకటిదా, ఇప్పటిదా మామయ్యగారూ?”

“ఇంకా అడగాలా? ఇప్పటిదే! చచ్చినా దీన్ని వదల్ను.”

“తర్వాత మాట మార్చరుగా?”

“నేనా? మీ అత్తగారే సాక్షి. ఇందాకటి దరిద్రం మళ్లీ నా కంట పడకూడదు!” అని మామగారు బల్ల మీది డిస్కు అందుకుని, రెండు చేతులతో పట్టి వంచబోయారు.

అత్తగారు ఫ్రేము వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

“అయ్యో, విరిచెయ్యకండీ, పచ్చరంగు వేసుకుని ఆ డిస్కులో ఉన్నది మీ పాత సిస్టమే!”