పెన్సిలు గీత

"స్విచ్చి వెయ్యకు నాన్నా," అంది కూతురు, కెమిస్ట్రీ పుస్తకం పక్కన పెట్టి.

కొత్త బోర్డు బిగించి స్విచ్చి మీద చెయ్యి వేసిన ఎలక్ట్రీషియన్ చిరాగ్గా తిరిగాడు. "రేపు పరీక్ష పెట్టుకుని నా పనికి అడ్డమేంటి?"

"తీగలు బిగించిన ఆ బోల్టు నుంచి ఈ బోల్టుకి పెన్సిలుతో అంత ముదురుగా గీశావెందుకు?"

"రెండూ జతని గుర్తు. ఇరవయ్యేళ్లుగా ప్రతి బోర్డు మీదా గీస్తున్నా. తాతకు దగ్గులు నేర్పకు."

"పెన్సిలులో ఉండేది గ్రాఫైటు. కరెంటు పారుతుంది."

"బొగ్గుపొడిలోనా?"

"వజ్రమూ కార్బనే, ఇదీ కార్బనే. వజ్రంలో ఒక్కో కార్బను నాలుగింటిని పట్టుకుని కదలకుండా ఉంటుంది. ఇందులో మూడింటినే పట్టుకుంటుంది. మిగిలిన ఎలక్ట్రాను ఖాళీగా తిరుగుతూ కరెంటు మోస్తుంది."

"పుస్తకాల కబుర్లు."

ఆమె నాన్న సంచిలోంచి కరెంటు పారేదీ లేనిదీ చూపే మీటరు తీసి, దాని తీగలను గీత రెండు చివర్లకూ ఆనించింది. ముల్లు కదిలింది.

ఆయన ఆ గీతను గుడ్డతో గట్టిగా తుడిచి, తనే మళ్లీ మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు.

"పోయినేడు మిల్లులో బోర్డు కాలిపోయింది కదా," అంది కూతురు నెమ్మదిగా. "దాని మీద గుర్తులు ఎవరు పెట్టారు?"

గుర్తులు పెట్టింది ఆయనే. తీగలు బిగించింది తమ్ముడు. బోర్డు కాలినందుకు వాణ్ణి చేతగాని వెధవా అని పదిమందిలో తిట్టింది తను. ఆ రోజు నుంచి తమ్ముడు ఈ గడప తొక్కలేదు.

చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ బాబాయి నంబరు నీ దగ్గరుందా? నా ఫోన్లోంచి ఎప్పుడో తీసేశాను."