తొలి గుడ్డ

"ఆ పాత గుడ్డ ఎందుకు ఉషా? కొత్త టవల్ ఉన్నది గదా," అన్నాడు సంతోష్ బండి తాళం వెతుక్కుంటూ.

"ఇది లేకపోతే నీ బిడ్డ నిద్రపోదు."

ఉషారాణి పాపను ఆకుపచ్చ గుడ్డలో చుట్టింది. గుడ్డ చివర చిరిగిన చోట ఎర్ర పువ్వొకటి సగానికి తెగి ఉంది. ఆ సగం పువ్వు పాప కాళ్ల దగ్గరికి వచ్చేలా సర్ది, అరికాలికి ఇంకో దిష్టిచుక్క పెట్టింది. నుదుటి మీద, చెంప మీద అప్పటికే ఉన్నాయి.

"ఇంకా పెట్టు. ఫోటోల పిల్ల కనపడొద్దు, చుక్కలే కనపడాలె," అన్నాడు సంతోష్.

తండా నుంచి ఖమ్మంలో కిరాయి ఇంటికి వచ్చాక పాపతో వాళ్లకిదే మొదటి షికారు.

లకారం చెరువు గట్టు మీద వచ్చేపోయేవాళ్లు ఆగి మరీ చూశారు. పాప అందరికీ నవ్వు పంచింది.

"మా పాపనే," అని అడగనివాళ్లకు కూడా చెప్పాడు సంతోష్.

ఉషకు గర్వంగానే ఉంది. భయంగా కూడా ఉంది. ఎవరైనా ముద్దుగా ఉందంటే చాలు, గుడ్డ ఇంకొంచెం పైకి లాగేది.

బెంచీ మీద కూర్చున్నాక పక్కనున్న ఆమె పలకరించింది. పేరు ప్రమీల, రోజూ నడకకు వస్తుందట.

"బంగారుబొమ్మ లెక్కున్నది. గింత పాతగుడ్డల చుట్టినవేందమ్మా?"

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉష మొఖం వెలిగింది.

"బస్సుల పుట్టింది ఆంటీ మా పాప. భద్రాచలం దవాఖానకు పోతుంటే వాగొచ్చి బస్సు ఆగిపోయింది. బట్టల సంచేమో ఆటోల మర్చిపోయినం. మా తండాల పుట్టిన బిడ్డకు మొదట పాతగుడ్డే చుట్టాలె. అప్పుడు ఏ గుడ్డా లేదు. బయటేమో వాన."

"అయ్యో, మరి?"

"ఎవరో ఒకామె లేచి, కట్టుకున్న చీర సగానికి చింపి ఇచ్చిందంట. మిగిలిన సగం ఒంటికి చుట్టుకొని కూసుందంట. నాకేమో సోయి లేదు. మా అత్త బిడ్డనే చూసింది గని ఆమె మొఖం చూడలే. అంబులెన్సు వచ్చేసరికి ఆమె దిగిపోయింది."

"దొరకలేదా మళ్ల?"

"మా ఆయన ఎన్ని బస్సులల్ల అడిగిండో. దొరికితే పాపను ఆమె ఒళ్లో వెయ్యాలె ఆంటీ. అప్పటిదాక నాకు మనసున పట్టదు."

ప్రమీల తలూపి, ఫోను తీసింది.

"అందరు మంచోళ్లే ఉండరమ్మా. పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరంట, మా గ్రూపుల వచ్చింది. చూడు."

ఉష ఆ వీడియో చూసింది. పాపను ఇంకా దగ్గరికి హత్తుకుంది.

ప్రమీల నడకకు వెళ్లింది. సంతోష్ మక్కకంకులు తేవడానికి వెళ్లాడు.

అప్పుడు వచ్చిందొకామె. నెత్తి మీద కొండచీపుర్ల మోపు, కాళ్లకు చెప్పుల్లేవు. మోపు దించి, నెత్తి మీది చుట్టబట్ట తీసి బెంచీ మీద పెట్టి, చెమట తుడుచుకుంటూ పాప వైపు చూసింది.

ఇక చూపు తిప్పలేదు.

"ఎన్నో నెల బిడ్డా?"

ఉష గుడ్డ పైకి లాగింది.

"పేరేం పెట్టిన్రు?"

వీడియోలో కూడా మొదట పేరే అడిగారు. ఉష సంతోష్ కోసం అటూ ఇటూ చూసింది.

ఆమె వంగింది. మోటు చెయ్యి మెల్లగా పాప వెండిపట్టీల దగ్గరికి వచ్చింది.

"చెయ్యి తియ్యి," అని అరిచింది ఉష. "ఎవరన్న రాండ్రి, పాపను గుంజుకుంటున్నది."

నలుగురు పరుగెత్తుకొచ్చారు. వాచ్‌మన్ కర్ర పట్టుకొని వచ్చాడు.

"ఏ ఊరు నీది?"

"అడవి దిక్కయ్యా. చీపుర్లు అమ్మనీకె వచ్చిన."

"చీపుర్లమ్మేదానివి పిల్ల మీద చెయ్యెందుకేసినవ్?"

ఎవరో ఫోనెత్తి వీడియో తీస్తున్నారు. ప్రమీల వెనక్కి వచ్చింది.

"నేను జెప్పలే?" అంది.

సంతోష్ కంకులు పట్టుకొని ఉరికొచ్చాడు. ఆమె అతన్ని చూసింది, పాపను చూసింది. అంతమంది నిలదీస్తున్నా ఆమె మొఖంలో భయం లేదు. ఏదో గర్వం ఉంది.

"ఏం లేదయ్యా. మంచిగ పెరిగిందని చూసిన."

తనే పెంచినట్టు ఈ మురిపెమేందని ఉషకు ఒళ్లు మండింది.

"నడువు, జల్దీ నడువు. మళ్ల ఈడ కనపడితే పోలీసులకు పట్టిస్త," అన్నాడు వాచ్‌మన్.

ఆమె మోపు ఎత్తి ఉత్త నెత్తి మీదే పెట్టుకొని గేటు దాటింది. బయట కదలబోతున్న ఆటో ఎక్కింది. అది రోడ్డు సందడిలో కలిసిపోయింది.

పాప మాత్రం ఆ దిక్కే చూస్తూ నవ్వుతోంది.

"చుట్టబట్ట మర్చిపోయింది," అన్నాడు సంతోష్ బెంచీ మీద నుంచి తీస్తూ.

"పారెయ్. ఏం మంత్రించిందో ఏమో," అంది ఉష.

పారెయ్యబోతుంటే అతని చేతిలో ఆ చుట్ట విడిపోయింది. పైనంతా ఎండకు వెలిసిపోయింది గానీ, లోపలి మడతలు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

సంతోష్ దాని చిరిగిన అంచును పాప కాళ్ల దగ్గరికి తెచ్చాడు.

సగం పువ్వు పక్కన సగం పువ్వు చేరి, నిండు ఎర్రపువ్వయింది.