సంకావు దిబ్బ

మారా అభయారణ్యం గేటు దాటగానే, ఎర్ర దుప్పటి కప్పుకున్న ముసలాయన ఒకడు చెయ్యెత్తాడు.

గైడు లెషాన్ విసుగ్గా జీపు ఆపాడు.

వెనక సీట్లో నైరోబీ టీచరమ్మ వంగెచి ఉంది. ఆమెకు ఇదే ఆఖరి రోజు. మూడు రోజులుగా ఖడ్గమృగం జాడ లేదు. "ఇవాళ చూపించకపోతే నన్ను గైడని పిలవకండి" అని మాటిచ్చి బయల్దేరాడు లెషాన్.

"ఎక్కడికి తాతా?"

"సంకావు దిబ్బ కాపలా చౌకీకి."

ముసలాయన ముందు సీట్లోకి ఎక్కాడు. రేడియోలో గైడ్లు అరుచుకుంటున్నారు. సంకావు దిబ్బ కింద సింహాలు. సంకావు దిబ్బ మీద చిరుత.

"ఆ పేరు ఇంకా పలుకుతున్నారా?" అన్నాడు ముసలాయన.

"రోజూ వందసార్లు. దారి గుర్తు కదా!"

ముసలాయన తనలో తాను నవ్వుకున్నాడు.

లెషాన్ టీచరమ్మకు తన పాత కథ అందుకున్నాడు. "ఒకప్పుడు ఇక్కడ రెండే ఖడ్గమృగాలు మిగిలాయి. ఒక కాపలాదారు పదకొండేళ్ళు వాటి పక్కనే పడుకున్నాడు. ఏడడుగుల మనిషి!"

"అంత పొడుగా?" అన్నాడు ముసలాయన.

"నువ్వు చూశావా ఏంటి?"

పొదల దగ్గర ముసలాయన గొంతు తగ్గించాడు. "ఇంజను ఆపు అబ్బాయ్."

"ఆపితే ఖడ్గమృగం వచ్చి సలాం కొడుతుందా?"

"ఖడ్గమృగం వీపు మీద వాలే ఎర్రముక్కు పిట్ట బుసకొడుతోంది. విను."

నోరు మూయించడానికే ఆపాడు లెషాన్. బుస నిజంగానే వినిపించింది. పొద కదిలింది. నల్లటి తల్లి, వెనకే బుల్లి కొమ్ము బిడ్డ.

టీచరమ్మ కళ్ళలో నీళ్ళు. "ఎలా కనిపెట్టావయ్యా?"

"పన్నెండేళ్ళ అనుభవం, టీచరమ్మా," అన్నాడు లెషాన్.

ముసలాయన కాదనలేదు. ఆ మౌనం లెషాన్‌కు ఊరటగానూ ఉంది, చెప్పులో రాయిలాగానూ ఉంది.

చౌకీ దగ్గర దిగి ముసలాయన అతని తల వైపు చెయ్యి చాచాడు. పెద్దల చేతి కింద తల వంచాలని నడక రాకముందే నేర్చుకున్నవాడు లెషాన్. అయినా తొందరలో ఆ చేతిలో నీళ్ళ సీసా పెట్టేసి బండి తిప్పాడు.

ఆ తర్వాత ఆరో రోజు, కొత్త అతిథులతో వెళుతుండగా రేడియోలో చౌకీ అధికారి గొంతు.

"అందరూ వినండి. ఇకనుంచి మన దిబ్బను పెద్ద దిబ్బ అనండి. పాత పేరు ఎవరూ పలకొద్దు."

లెషాన్ బండి వేగం తగ్గించాడు. తమ మాసాయి తెగలో పోయినవాళ్ళ పేరు పలకరు. ఇన్నేళ్ళూ తను పలికింది బతికున్న మనిషి పేరని అతనికి తట్టనే లేదు.

"ఎవరి పేరు అన్నా అది?" రేడియోలో అడిగాడు.

"మొన్నామధ్య నీ బండిలో వచ్చిన తాతది. నువ్వు చెప్పిన కథ తలుచుకుని, ప్రాణం పోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు. మంచి గైడన్నాడు నిన్ను."

లెషాన్ జీపు ఆపాడు. టోపీ తీసి, పక్కనున్న ఖాళీ సీటు ముందు తల వంచాడు.

"ఎవరు పోయారు?" వెనక నుంచి అడిగారు.

"ఖడ్గమృగాల పక్కన పదకొండేళ్ళు పడుకున్న కాపలాదారు," అన్నాడు లెషాన్ తలెత్తి, గర్వంగా, "ఏడడుగులేం కాదు, ఈ సీట్లో కూర్చుంటే ఆయన కాళ్ళు కింద ఆనలేదు."