ఆర్వో రైఫిల్‌కి తూటాలు

తలుపుకు కట్టిన గంట మోగింది. నెస్టర్ తలెత్తి చూసి, సగం తిన్న మాంసం పేస్టీని పక్కకు నెట్టేశాడు.

వచ్చింది సైమా. ఆర్వో భార్య. ఆ ఇంటివాళ్లు ఈ తుపాకుల కొట్టు గడప తొక్కి పన్నెండేళ్లయింది.

"బాగున్నావా నెస్టర్? ఎల్లుండి జింకల వేట మొదలు కదా. ఆర్వో రైఫిల్‌కి తూటాలు కావాలి. స్కోపు కూడా," అంది, మొన్ననే వచ్చి వెళ్లిన మనిషిలా. చంకలోని పొడవాటి రైఫిల్ సంచీ తీసి కౌంటర్ మీద పెట్టింది.

నెస్టర్ కిటికీలోంచి చూశాడు. వాళ్ల పాత పికప్ వీధిలో ఆగి ఉంది. సరస్సు మీది గాలికి దాని అద్దాలు మంచు కట్టాయి. లోపలేమీ కనబడలేదు.

"వాడు రాలేదా?"

"వచ్చాడు. ముందు సీట్లో ఉన్నాడు."

"లోపలికి రాడేం?"

"ముందు నువ్వు సరుకు సరిగ్గా చూపించు. అప్పుడు తీసుకొస్తాను."

ఆ 'సరిగ్గా' తగలాల్సిన చోటే తగిలింది.

నెస్టర్, ఆర్వో ముప్పై ఏళ్లు కలిసి వేటాడారు. ఒకే కొయ్యగుడిసె, ఆవిరి స్నానానికి ఒకే సౌనా. చివరి ఏడాది నెస్టర్ పట్టుబట్టి ఆర్వోకి రైఫిల్ మీద బిగించే పెద్ద స్కోపు అంటగట్టాడు. పన్నెండు రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, ఈగ మీసం కూడా కనబడుతుందన్నాడు. ఆ నవంబర్‌లో చిత్తడి నేలలో, పాతిక గజాల దూరంలో, పది కొమ్మల కొమ్ములున్న మగ జింక వచ్చి నిలబడింది. ఆర్వో స్కోపులోంచి చూశాడు. ఉత్త బొచ్చు కనబడింది. అది తల వైపో తోక వైపో తేల్చుకునేలోగా జింక తన దారిన పోయింది.

స్కోపుదే తప్పన్నాడు ఆర్వో. తిప్పి తగ్గించుకోని వాడిదే తప్పన్నాడు నెస్టర్. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లన్నారు. ఆర్వో స్కోపు ఊడబెరికి బురదలోకి విసిరేశాడు. ఆ చలికాలమే ఎనభై మైళ్ల అవతల, సైమా చెల్లెలి ఊరికి మకాం మార్చేశాడు. ఆ తర్వాత కబురు లేదు, కాకరకాయ లేదు.

తప్పు తనదేనని నెస్టర్‌కి వారం తిరక్కుండానే తెలిసింది. ఆ ముక్క ఒప్పుకోవడానికే పన్నెండేళ్లుగా నోరు రావడం లేదు. వేట రోజులొస్తే చాలు, ఆర్వో మీద బెంగతో అన్నం సహించదు.

"ఎంత దూరంలో కాల్చేది?" అని అడిగాడు.

"ముప్పై గజాలు. నలభై దాటదు. అదే చిత్తడి, అవే దేవదారు పొదలు."

నెస్టర్ పెద్ద స్కోపుల వైపు కన్నెత్తి చూడలేదు. అరలోంచి జానెడు గొట్టం తీశాడు.

"ఒకటి నుంచి నాలుగు రెట్లు. ఒకటి మీదే ఉంచండి. రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు. జింక మొత్తం కనబడుతుంది, తోకతో సహా."

"ఈ బుద్ధి అప్పుడుండాల్సింది."

"ఉండాల్సింది," అన్నాడు నెస్టర్. "వాణ్ణి పిలువు సైమా. వాడి మొహం మీదే చెబుతాను, తప్పు నాదేనని."

"చెబుదువుగానిలే. తూటాల సంగతి చూడు. ఈసారి కాల్చేది నేను. ఆర్వో నాతో వస్తాడు."

"పక్కన కూర్చుని నస పెట్టి చంపుతాడు."

"ఈమధ్య ఏమీ అనడం లేదు."

ముసలితనం ఎంతటివాడినైనా మెత్తబరుస్తుందనుకున్నాడు నెస్టర్. ఒక పెట్టె దించాడు.

"మొన సూదిగా ఉన్నవి ఈ రైఫిల్‌కి పనికిరావు. బారెల్ కింది తూటాల గొట్టంలో ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి కదా, వెనకది ముందుదాని వీపున గుచ్చి పేల్చేస్తుంది. ఈ మొద్దు మూతివే వాడాలి. నూట డెబ్బై గ్రెయిన్ల బరువున్న గుండు. భుజాన్ని కాస్త తంతుంది, కానీ దగ్గర్లో దీన్ని మించింది లేదు."

సైమా పెట్టెను వెనక్కి తోసింది.

"గుండు ఇదే పెట్టు. కానీ కొట్లో కొన్నవి వద్దంటాడు. పాత రోజుల్లోలా నువ్వు చేత్తో మందు నింపినవే కావాలట. కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు."

ఇంకొకడి చేతి తూటాను చెంప పక్కన పెట్టుకుని పేల్చాలంటే ఆ చెయ్యి మీద నమ్మకం ఉండాలి. అంటే ఆర్వో కోపం పోయింది. నెస్టర్ కళ్లజోడు తీసి, తుడవక్కర్లేని అద్దాలు తుడిచాడు.

"ఈ పూటే కూర్చుంటాను. ఎన్ని నింపమంటావు?"

"అదే నాకూ తెలియదు. నువ్వే కొలిచి చెప్పాలి. ఉండు, తీసుకొస్తాను," అని బయటికి నడిచింది.

నెస్టర్ జుట్టు సవరించుకున్నాడు. రెండో కప్పులో కాఫీ పోసి, ఆర్వోకి ఇష్టమైనట్టు మూడు చెంచాల చక్కెర వేశాడు. "తప్పు నాదేరా," అని రెండుసార్లు పైకే అనుకున్నాడు. రెండోసారి బాగానే వచ్చింది.

గంట మోగింది.

సైమా ఒక్కతే వచ్చి, ఓ రేకు డబ్బాను ఆ కప్పు పక్కన పెట్టి, మూత తీసి లోపలి బూడిద చూపిస్తూ, "ఇదిగో మీవాడు, తూటాకి చిటికెడు చొప్పున మొత్తం ఎన్నింట్లో పడతాడో చూడు," అంది.